ల్యాబు ఊపిరి

పీల్చే మందులను పరీక్షించే ల్యాబులో స్వరూప ఉద్యోగం. ఆమె బల్ల మీద ఒక బొమ్మ గొంతు, దాని కింద ఊపిరితిత్తుల బదులు అరలు, గాలి లాగే పంపు ఉంటాయి. గొంతుకు ఇన్‌హేలర్ బిగించి మీట నొక్కితే పంపు గుక్కెడు గాలి లాగుతుంది. మందు గొంతులో ఎంత ఆగిందో, లోపలికి ఎంత దిగిందో తేల్చడం స్వరూప పని.

కొత్త పొడి ఇన్‌హేలర్ ఆ పరీక్షలో భేషుగ్గా నెగ్గింది. అది బజారులోకి రాగానే, డాక్టరును అడగనైనా అడగకుండా తండ్రికి తెచ్చిపెట్టింది. ఆయన సీమోను, బేగంబజార్‌లో మిరపకాయ బస్తాలు మోసి మోసి ఊపిరి పాడు చేసుకున్న మనిషి. ఆయన వాడే స్ప్రేను, దానికి తగిలించే ప్లాస్టిక్ డబ్బాను చెత్తలో పారేసింది. తన చేతుల మీదుగా నెగ్గిన మందాయె, ఆ గర్వం అంతా ఇంతా కాదు.

ఆయాసం తగ్గలేదు సరికదా, మంచం దిగితే చాలు రొప్పు. పాతదే మంచిగుండె అని సీమోను గొణిగితే కూతురు వినిపించుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మందులో లోపం లేదు, నీకే చేతకావట్లేదని పసివాణ్ణి కసిరినట్టు కసిరేది.

"గట్టిగ పీల్చు బాపూ. మా ల్యాబుల బొమ్మ పీలుస్తది, నీకేమైంది?" అనేసింది ఒకసారి.

ఆయన తల దించుకున్నాడు. ఆ తర్వాత గొణగడం కూడా మానేశాడు. నయమవుతోందనుకుంది పిచ్చిది.

ఇవాళ పొద్దున బాపు ఛాయ్ గ్లాసు ఎత్తడానికే రొప్పడం చూసి ల్యాబుకు వచ్చింది. పని మీద మనసు నిలవలేదు. స్ప్రేలా నెట్టే గ్యాసు ఈ పొడికి లేదు, పీల్చే జోరే దాన్ని లోపలికి లాగాలి. ఈ పంపు లాగేది ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్న మనిషి గుక్కే. ఆ సంగతి తెలియనిదేం కాదు, రోజూ దాన్ని అట్లా సరిచేసి పెట్టేది తానే. పంపు జోరు తగ్గించింది, బాపు లాగగలిగినంతకు. మీట నొక్కి, విప్పి చూసింది.

పొడి అంతా బొమ్మ గొంతులోనే తెల్లగా అంటుకుని ఉంది. కింది అరల్లో దాదాపు ఏమీ లేదు. ఇన్నాళ్లూ బాపు మందు లేకుండానే ఈడ్చుకొస్తున్నాడు, పైగా తన చేత తిట్లు తింటూ.

ఫోను చేస్తే బాపు ఎత్తలేదు. శాలిబండలోని ఇంటి దాకా ఆటోలో ఏడుస్తూ, ప్రభువును బతిమాలుకుంటూ వచ్చింది. ఆస్పత్రికి పోవాలి, కదలొద్దని ఆటో అతనికి చెప్పి లోపలికి పరుగెత్తింది.

సీమోను మంచం పట్టె పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. కూతురు కనబడగానే బెదిరిపోయి, ఇన్‌హేలర్‌ను గబగబా నోటికి ఆనించుకోబోయాడు. స్వరూప దాన్ని లాక్కోబోతే వదల్లేదు.

"కోప్పడకు బిడ్డా... ఈపారి... గట్టిగనే పీలుస్త."