పదకొండో కోత

"ఇక్కడ సార్ సంతకం కూడా కావాలి మేడమ్. ఓసారి రమ్మనండి," అన్నాడు బ్యాంకు గుమాస్తా తలెత్తకుండా.

"రమ్మంటే వచ్చే మనిషి కాదండీ. బతికున్నప్పుడే రాలేదు," అంది ఆమె. "పోయి ఎనిమిది నెలలైంది. అందుకేగా ఈ జాయింటు అకౌంటు మూసేస్తున్నది!"

గుమాస్తా తలెత్తి, సారీ చెప్పి, మళ్ళీ తల దించుకుని ఒక కాగితం ప్రింటు తీశాడు. ఆ అకౌంటు నుంచి నెలనెలా వాటంతటవే కోసుకుపోయే చెల్లింపులు పదకొండున్నాయట. మూసేలోపు ఒక్కోదాని పక్కనా 'కొత్త అకౌంటుకి మార్చు' అన్న గడిలోనో, 'ఆపు' అన్న గడిలోనో టిక్కు పెట్టివ్వాలి. "ఏదైనా వదిలేశారనుకోండి, కరెంటు పోతుంది, నెట్టు పోతుంది, చివరికి మీరొచ్చి నన్ను తిట్టిపోతారు," అన్నాడు.

ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. పందొమ్మిదేళ్ళుగా ఆమె జీతం పడింది ఆ అకౌంటులోనే. పడటం ఆమె జీతం వంతు, దాన్ని లేపడం ఆయన వంతు. "ఇల్లు నడిపేది నేను. మా ఆవిడ ఇంట్లో నడుస్తుంది. అంతే తేడా!" అనేవాడు చుట్టాల ముందు. చుట్టాలు నవ్వేవాళ్ళు. ఖాళీ కప్పులు ఏరుకుంటూ ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే అలిగిందనుకుంటారని. ఇప్పుడు మనిషి పోయినా ఒకటో తారీఖున కరెంటు కడుతూనే ఉన్నాడు, మూడున నీళ్ళు, అయిదున నెట్టు. బతికుండగా ఒక్కనాడూ చెప్పిన వేళకి ఇల్లు చేరనివాడు చచ్చాక తారీఖు తప్పడం లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు తలుపు తీస్తూనే అంది, "నువ్వలా సందు చివరికెళ్ళావో లేదో, వాడు మూలిగాడే!"

వాడంటే ఆయన ఫోను. ఆయన కుప్పకూలిననాడు చేతిలోంచి జారిపడి దాని తెర చచ్చిపోయింది గానీ లోపల ప్రాణం మిగిలింది. నల్లగా ఉంటుంది, అప్పుడప్పుడూ వణుకుతుంది. అత్తగారు దానికి రోజూ ఛార్జింగు పెడుతుంది, కొడుక్కి అన్నం పెట్టినంత శ్రద్ధగా. విచిత్రమేమిటంటే, కోడలు ఇంట్లో ఉన్నంతసేపూ అది కిక్కురుమనదు. గడప దాటి సందు చివరికెళ్తే చాలు, అలమారలో మూలుగు. "మీ చాదస్తం అత్తయ్యా," అనేది గానీ, ఆమె చేతుల మీద రోమాలు లేచి నిలబడేవి.

భోజనాల బల్ల మీద కాగితం పరిచి ఫోన్లు మొదలుపెట్టింది. పది ఫోన్లూ "సార్‌కివ్వండి మేడమ్" తోనే మొదలయ్యాయి. సార్ లేరని పదిసార్లు చెప్పి, పదిసార్లు జాలి మాటలు విని, పది టిక్కులు పెట్టింది. పదకొండోది 'సేఫ్ గూడు: కుటుంబ భద్రత'. ఏదో బీమా అనుకుంది.

"ప్లాను సార్ పేరు మీదుంది మేడమ్. మీరు మెంబరు మాత్రమే. మెంబరు ఆపడానికి కుదరదు. డబ్బు రాకపోతే దానంతటదే ఆగాలి," అంది అవతలి అమ్మాయి.

"సారే ఆగిపోయారమ్మా. ఇంతకీ ఇదేం బీమా?"

"బీమా కాదు మేడమ్. మీ ఫోను ఎక్కడుందో సార్‌కి చూపిస్తాం. మీరు ఇంటి నుంచి రెండొందల మీటర్లు దాటగానే సార్ ఫోనుకి సందేశం వెళ్తుంది." ఆ పిల్ల గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. "ఇవాళ పొద్దున కూడా వెళ్ళింది మేడమ్. ఆరేళ్ళలో మా సర్వీసు ఒక్కరోజూ ఆగలేదు!"

గూడన్నారు గానీ, కాపురమున్నది గూఢచారి.

ఆమె ఫోను పెట్టేసింది. ఆరేళ్ళు వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ చూసినా ఆయనే. తను పని నేర్పిన కుర్రాణ్ణి యజమాని తన మీదే పెద్దగా కూర్చోబెట్టిన రోజు షాపు నుంచి తిన్నగా ఇంటికి రాలేక పార్కులో బల్ల మీద కూలబడింది. నలభై నిమిషాలకి ఫోను మోగింది. "ఏం, ఇంట్లో బల్లలు లేవా?" అన్నాడు. ఉలిక్కిపడి చెట్ల వెనకంతా వెతికింది. ఎవరూ లేరు. మరోనాడు స్నేహితురాలింటి మెట్లెక్కుతుంటే, "మెట్లు జాగ్రత్త," అన్నాడు. "నాకు తుమ్మొచ్చినా ఆయనకి తెలిసిపోతుంది," అని షాపులో చెప్పుకుంది. "అదృష్టవంతురాలివి," అన్నారు వాళ్ళు. తనూ నమ్మింది. నమ్మి, మెల్లగా దారులు మానుకుంది. పక్క సందు మానేసింది, పార్కు మానేసింది, స్నేహితురాలిని మానేసింది. ఆయన పోయాక కూడా మందుల షాపుకి చుట్టుదారినే వెళ్తోంది. షాపు గోడ మీద వరసగా వేలాడే ఖాళీ కళ్ళజోళ్ళ ముందు ఇప్పటికీ పైట సర్దుకుంటుంది. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి తన మీదున్న చూపు కంటికి ఆనలేదు. పైగా ఆ కాపలావాడికి నెలనెలా కూలి కట్టింది తన జీతమే.

"ఏమంటారే వాళ్ళు?" ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది అత్తగారు.

"మీ అబ్బాయి మూలగడం లేదత్తయ్యా. నేను బయటికెళ్ళినప్పుడల్లా నా ఫోను ఆయన ఫోనుకి చాడీలు చెప్తోంది. ఆయనే పెట్టించి పోయారు."

అత్తగారు మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఆపించకే," అంది చివరికి. "ఎనిమిది నెలలుగా దానికి జవాబు చెప్తున్నాను. 'షాపుకెళ్ళిందిరా, వచ్చేస్తుందిలే' అని."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. 'ఆపు' గడిలో టిక్కు పెడితే ఒక తల్లికి కొడుకు రెండోసారి పోతాడు. 'మార్చు' గడిలో పెడితే తనకి మొగుడు ఒక్కసారైనా పోడు.

"మీ మామగారి కాలంలో ఫోన్లెక్కడివి," అంది అత్తగారు, ఎవరో అడిగినట్టు. "పనికెళ్తూ గడప బయట గుప్పెడు పిండి చల్లి వెళ్ళేవారు. సాయంత్రమొచ్చి, వంగి, అడుగులున్నాయేమో చూసుకునేవారు."

"మరి మీరు?"

"దాటలేదు. ఎదురింటావిడ నొప్పులతో అరుస్తున్నా, కిటికీ పట్టుకుని 'వస్తున్నా వస్తున్నా' అని కేకలేశానే గానీ దాటలేదు. దాటితే ఏమయ్యేదో ఈనాటికీ తెలీదు." తువ్వాలు పక్కన పెట్టింది. "వీడికప్పుడు నాలుగేళ్ళు. నాన్న పక్కనే వంగి వీడూ చూసేవాడు. ఒక్క అడుగూ లేకపోతే చప్పట్లు కొట్టేవాడు."

ఆమె కలం తీసింది. అత్తగారు ఆ చేతినే చూస్తోంది. ఆపలేదు.

"ఆపేస్తే, నువ్వెక్కడున్నావో వాడికి తెలీదు కదే?"

"తెలీదత్తయ్యా."

"మరి నీకు?"

పందొమ్మిదేళ్ళలో ఆమెని ఎవరూ అడగని ప్రశ్న అది.

"వెతుక్కోవాలి," అని, 'ఆపు' గడిలో టిక్కు పెట్టింది.