కడగకుండా తెండి

"కడిగే మెషీన్‌లో కడిగి మరీ పెట్టే మనిషిని లోకంలో నిన్నొక్కదాన్నే చూశాను," అన్నారు మావారు, పేపరు మీంచి తలెత్తకుండానే.

ఆదివారం ఉదయం. ఆయన తాగి వదిలేసిన టీకప్పు నా చేతిలో ఉంది. అడుగున ఎండిన గోధుమరంగు మరకను వేలితో రుద్ది, కుళాయి కింద కడిగి, ఆ తర్వాత డిష్‌వాషర్‌లో పెట్టబోతున్నాను. ఆ యంత్రాన్ని ఆయన ఉద్యోగం నుంచి విరమించిన ఏడాది కొన్నారు. కొన్నరోజున బంధువులందరికీ ఫోన్లు చేసి "ఆవిడ కోసం కొన్నాను" అని చెప్పుకున్నారు. ఈ ఇంట్లో ఎంగిలి గిన్నెలన్నీ నా సొంత ఆస్తి అన్న సంగతి ఆ ఒక్క వాక్యంతో అధికారికంగా నమోదైపోయింది. మామూలుగా అయితే ఆయన ఎత్తిపొడుపుకు నేను జవాబివ్వను. నా ఆలోచనలో నేనుంటాను. ఆ ఉదయం కూడా అలాగే ఉన్నాను. నాలుగు రోజులుగా నా బుర్రలో ఒకే మాట తిరుగుతోంది: వాళ్ళు అబద్ధాలాడుతున్నారు.

ఆ మాట అన్నది నేను కాదు. నేను పనిచేసే ఆస్పత్రి పరిశోధనా విభాగానికి అధిపతి అయిన పెద్ద డాక్టరు. పెద్దరికం హోదాలోనే, వయసులో నాకంటే బాగా చిన్నవాడు. ఆ విభాగంలో ప్రయోగశాల బాధ్యత నాది. మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకు సోకే కొన్ని జబ్బులు చడీచప్పుడు లేకుండా గర్భసంచి దాకా పాకుతాయి. పాకితే పిల్లలు పుట్టకపోవచ్చు. పుట్టకపోతే లోకం ఎవరినంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ జబ్బులను అడ్డుకునే మందును మెత్తటి సిలికాన్ రింగులో నింపారు. స్త్రీ దాన్ని తనంతట తానే లోపల అమర్చుకోవచ్చు. నెలపాటు అది కొద్దికొద్దిగా మందు విడుదల చేసి ఆమెను కాపాడుతుందా లేదా అన్నదే మా పరిశోధన. తొడుగు వాడమని మొగుణ్ణి బతిమాలే పని లేదు. అతనికి తెలియాల్సిన అవసరమూ లేదు. ఆడదాని అనుమతి ఒక్కటే సరిపోయే వైద్య సాధనాన్ని నా ఉద్యోగ జీవితంలో నేను చూడటం అదే మొదటిసారి.

పరిశోధనలో చేరిన స్త్రీలు నెలాఖరున తాము వాడిన రింగును చిన్న కవరులో పెట్టి తెచ్చిచ్చి, కొత్తది తీసుకువెళ్తారు. తెచ్చినదాంట్లో మందు ఎంత మిగిలిందో, పైపొరకు శరీర కణాలు అంటుకున్నాయో లేదో మేం చూస్తాం. అన్నాళ్ళు ఒంట్లో ఉన్న వస్తువు ఒంటి ఆనవాలు లేకుండా బయటికి రాదు. ఈ పరిశోధన జరుగుతున్న కేంద్రాల్లో మా ఆస్పత్రి ఒకటి. మా కేంద్రానికి వచ్చిన రింగుల మీద ఏ ఆనవాలూ లేదు. అప్పుడే అచ్చులోంచి తీసినంత నున్నగా ఉన్నాయి. మిగిలిన మందు కొలతలేమో ఒకదానికొకటి పొంతన లేవు. రక్తంలో మందు చూసే పరీక్షను ఆలస్యమవుతుందని ప్రణాళికలోంచి ముందే తీసేశారు.

"వాడటం లేదు మేడమ్, అంతే," అన్నాడు పెద్ద డాక్టరు సమావేశంలో, పెన్ను మూత తీస్తూ పెడుతూ. "ఏ డబ్బాలోనో పడేసి, నెలాఖరుకి పట్టుకొస్తున్నారు. అడిగితే వాడామని అబద్ధాలాడుతున్నారు. ఆడవాళ్ళు కదా, మన మొహం చూసి మనకి కావలసింది చెప్తారు. వచ్చే సమావేశంలో ఈ కేంద్రాన్ని పరిశోధనలోంచి తీసేద్దాం."

తీసేస్తే ఆ స్త్రీల చేతికి రింగు రాదు. నష్టం అక్కడితో ఆగదు. ఇచ్చినా ఆడవాళ్ళు వాడుకోరు అని ఒక్కసారి నివేదికలో అచ్చయిందంటే, ఇంకో తరం దాకా ఎవరూ ఏమీ ఇవ్వరు. నాకు ఆ స్త్రీలు తెలుసు. చాలామంది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ చొక్కాలకు గుండీలు కుడుతుంది. అందరూ గుండీలక్క అంటారు. "ఇది పెట్టుకున్నాక రాత్రిళ్ళు భయం లేకుండా పడుకుంటున్నా మేడమ్" అని ఆమె నాతో అన్నప్పుడు ఆమె కళ్ళు నా మొహంలో ఏమీ వెతకలేదు. కానీ నమ్మకం నా శాస్త్రంలో కొలమానం కాదు. 'వాళ్ళు అలాంటివాళ్ళు కారు' అని నేను సమావేశంలో అంటే, ఆ బల్ల చుట్టూ విరిసే చిరునవ్వులు నాకు కంఠతా వచ్చు.

ఇదంతా నెమరేసుకుంటూ కుళాయి దగ్గర నిలబడ్డాను. ఎందుకు కడుగుతున్నానని నాకు నేనే ప్రశ్న వేసుకున్నాను. యంత్రానికి కళ్ళు లేవు, ముక్కు లేదు, దానికి అత్తగారూ లేరు. అయినా మురికి కప్పును దాని నోట్లో పెట్టడానికి నాకు మొహమాటం. మా అత్తగారు బతికున్న రోజుల్లో నేను ప్రయోగశాల నుంచి వస్తే గుమ్మంలోనే ఆపేవారు. "ఎవరెవరి రక్తాలో పట్టుకున్న చేతులు! తలస్నానం చేసి గాని నా గిన్నెలు ముట్టుకోకు. నీ ముట్టు గుడ్డలు మావాడి కంటపడనీయకు." మావారు ఆ మాటలు వింటూ పేపరు చదువుకునేవారు. అదే పేపరు కాకపోవచ్చు. భంగిమ మాత్రం అదే. స్నేహితులకు నన్ను పరిచయం చేసేటప్పుడు "ఏదో ల్యాబులో చేస్తుంది" అనేవారు, ఆ ల్యాబులో ఏం చేస్తానో నోటితో అనడం ఇష్టం లేక. అలా ఏళ్ళ తరబడి నేర్చుకున్నాను. నా చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళే ఏ వస్తువు మీదా నేను బతికిన జాడ కనబడకూడదు.

కుళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. చేతిలో కప్పు ఆగిపోయింది.

"నీళ్ళు వృథా అవుతున్నాయి," అన్నారు ఆయన.

"మీరిందాక కడగడం గురించి చాలా గొప్ప మాట అన్నారు," అన్నాను. నా మాటలో వ్యంగ్యం ఎక్కడుందా అని ఆయన భోజనాల వేళ దాకా వెతుక్కున్నారు.

సోమవారం పొద్దున్నే ప్రయోగశాలలో నా సహాయకురాలిని కిటికీ తెరలు దించమన్నాను. బట్టల సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం ఒక పదార్థం కలుపుతారు. అది అతినీలలోహిత కాంతి పడితే నీలంగా మెరుస్తుంది. వాడని కొత్త రింగునొకదాన్ని తెచ్చిచ్చినవాటి పక్కన పెట్టి, దీపం వేశాను. కొత్తది చీకట్లో చీకటిగానే ఉంది. తక్కినవి దాదాపు అన్నీ వెలిగాయి. పళ్ళెం నిండా చిన్న చిన్న నీలి వలయాలు.

"మేడమ్!" అంది అమ్మాయి. "వీటిని ఉతికారు మేడమ్!"

నేను నవ్వాను. ఆ గదిలో నేను పైకి నవ్వడం ఆ పిల్ల ఎప్పుడూ విని ఉండదు. భయపడి దీపం ఆర్పేసింది.

ఆ వారంలోనే కొత్త రింగులు ఇచ్చే రోజు వచ్చింది. ఎదురుచూసే గదిలో స్త్రీలందరూ కూర్చున్నారు. నర్సు తప్ప బయటివాళ్ళెవరూ లేకుండా తలుపు వేయించాను. ఆ గది గోడల నిండా మా ఆస్పత్రివారి పోస్టర్లే. చేతులు శుభ్రంగా కడుక్కోండి. శుభ్రతే ఆరోగ్యం. శుభ్రమైన తల్లి, ఆరోగ్యవంతమైన బిడ్డ. వాటి కింద కూర్చున్నవాళ్ళను నేను అడిగాను: "రింగు ఇచ్చేముందు ఎవరెవరు కడిగారు? ఎవర్నీ ఏమీ అనను."

అందరూ గుండీలక్క వైపు చూశారు.

"కడక్కుండా ఎలా ఇస్తామమ్మా?" అంది ఆమె, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "మీరు చదువుకున్నవాళ్ళు, చేత్తో పట్టుకుంటారు. ఎక్కడ పెట్టుకున్నదో మాకు తెలుసు కదా! సబ్బుపొడి వేసి నానబెట్టి రుద్దాను."

"నేను వేణ్ణీళ్ళలో మరగబెట్టాను," అంది వెనకనుంచి ఒకామె.

"దేంట్లో మరగబెట్టావే?" అంది పక్కనున్నామె.

"పాల గిన్నెలో."

"ఛీ, ఛీ! నిన్న మీ ఇంట్లో టీ తాగానే నేను!"

నవ్వు మొదలైంది. అందరికంటే చిన్నది, కొత్తగా పెళ్ళయిన పిల్ల, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది: "నేను బ్రష్షుతో తోమాను. మా ఆయన బ్రష్షుతో."

"అయ్యో! తర్వాత పారేశావా?" అని అడిగింది నర్సు.

"ఎందుకు? బాగానే ఉందిగా. పొద్దున్నే తోముకుని పనికెళ్ళాడు."

గది గదంతా విరగబడి నవ్వింది. ఒకామె కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని నవ్వింది. నర్సు గోడకు తల ఆనించి కళ్ళు తుడుచుకుంది. నాకూ కడుపు నొప్పి పుట్టింది. ఆ నవ్వు తగ్గాక, దాని వెనకే వస్తున్న కోపం నన్ను పట్టుకుంది. ఆ కోపం చల్లగా, స్పష్టంగా ఉంది. దాన్ని సమావేశానికి తీసుకువెళ్ళాను.

పళ్ళెం బల్ల మీద పెట్టి, తెరలు దించి దీపం వేశాను. వెలిగిన నీలాన్ని పెద్ద డాక్టరు చాలాసేపు చూశాడు. మరిగించినప్పుడు మందు కొంత నీళ్ళలోకి దిగిపోయిందనీ, కొలతలకు పొంతన లేకపోవడానికి అదే కారణమనీ వివరించాను.

"అంటే మనం చెప్పింది వాళ్ళకి అర్థం కాలేదన్నమాట."

"మనం చెప్పలేదు. తెచ్చివ్వమన్నాం, ఎలా తేవాలో అనలేదు. శుభ్రంగా ఉండమని మాత్రం గోడల నిండా రాసి పెట్టాం. వాళ్ళు మన మాటే విన్నారు."

"కడిగారు, ఒప్పుకున్నాను. వాడారని రుజువేంటి మేడమ్?"

"వాడని వస్తువును ఎవరు కడుగుతారు డాక్టరుగారూ?" అన్నాను. "మీకు ఆ అనుభవం ఉండకపోవచ్చు. ఈ ప్రణాళిక రాసినవాళ్ళలో ఒక్కరైనా జీవితంలో తాను తిన్న కంచం తాను కడిగి ఇంకొకరికి అందించి ఉంటే, 'కడగకుండా తెండి' అన్న రెండు మాటలు అందులో ఉండేవి."

బల్ల చుట్టూ నేను ఎదురుచూసిన చిరునవ్వులు రాలేదు. పెన్ను మూత కూడా కదలలేదు. చివరికి పెద్ద డాక్టరు ఒక నెల గడువిచ్చాడు. వచ్చే నెల రింగుల మీద ఆనవాలు కనబడితే కేంద్రం ఉంటుంది, లేకపోతే పోతుంది.

చెప్పడం తేలిక. ఆ స్త్రీలను మేం అడిగింది వాళ్ళ పెంపకం మొత్తానికీ ఎదురు తిరగమని. తమ లోపలి తడిని, జిగటను, రక్తపు మరకను ఉన్నది ఉన్నట్టుగా, మొహం తిప్పుకోకుండా ఇంకొకరి చేతిలో పెట్టమని. తల్లికి కూడా చూపించనిది. ఆ నెలంతా నర్సు వాళ్ళకు అదే పాఠం చెప్పింది. నెల తిరిగి వాళ్ళు వచ్చేరోజున నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. రాకుండా ఉండిపోతారేమోనని భయం వేసింది.

వచ్చారు. అందరికంటే ముందు గుండీలక్క. కవరును రెండు చేతుల మధ్యా నలుపుతూ నా ముందు నిలబడింది.

"మురికిదే తెచ్చానమ్మా. కుళాయి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఏమీ అనుకోకండి."

చేతి తొడుగులు వేసుకుని ఆ కవరు అందుకున్నాను. "ఇందులో అనుకోవడానికేముంది? నాకు కావలసింది ఇదే," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. అసహ్యం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. దొరకలేదు. భుజాలు కిందికి దిగాయి. వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్ళతో గట్టిగా అంది: "ఇచ్చెయ్యండే, ఏమీ అవ్వదు! మేడమ్‌కి కావలసింది మన మురికేనట!"

సూక్ష్మదర్శిని కింద చూసిన ప్రతి రింగు మీదా జీవకణాలు కనబడ్డాయి. గుండ్రంగా, పలచగా, ఒకదాని మీదొకటి ఒరిగి, వాళ్ళు నిజమే చెప్పారని చెబుతున్నాయి. మిగిలిన మందు కొలతలు పాఠ్యపుస్తకంలో గీసినట్టు కుదిరాయి. మా కేంద్రం ఉంటుంది. పెద్ద డాక్టరు ఆ ఫలితాలు చూసి, "ప్రణాళికలో ఆ వాక్యం చేర్చండి మేడమ్," అన్నాడు. అన్ని కేంద్రాలకూ వెళ్ళే ప్రణాళికలో నా చేత్తో చేర్చాను. గోడ మీద శుభ్రత పోస్టరు పక్కన నర్సు 'కడగకుండా తెండి' అని రాసిన కొత్త కాగితం అంటించింది. కింద ఎవరో ఒక టూత్‌బ్రష్ బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టారు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచే వచ్చాను. ఊరికే, సంతోషంగా ఉండి. మావారు ముందుగదిలో టీ తాగి, కప్పు ఎప్పటిలాగే పేపరు మీద పెట్టి, టీవీ చూస్తున్నారు. నేను ఎదురుకుర్చీలో కూర్చుని చెప్పులు విప్పి, కాళ్ళు బల్ల మీదికి చాపుకున్నాను.

కాసేపయ్యాక ఆయన కప్పు వైపు చూశారు. తర్వాత నా వైపు. "కప్పు తీయలేదే?"

"తీయలేదు. ఇకనుంచి మీరు తాగిన కప్పు మీరే మెషీన్‌లో పెట్టండి. కొన్నది మీరే కదా."

ఆయన నా మొహం చూశారు. హాస్యం కాదని అర్థమైనట్టుంది. లేచి, కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని వంటగదిలోకి వెళ్ళారు. మెషీన్ తలుపు తెరిచిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత కుళాయి తిప్పిన శబ్దం, నీళ్ళలో కప్పును వేలితో రుద్దుతున్న శబ్దం వినిపించాయి.

"కడిగే మెషీన్‌లో కడిగి పెడుతున్నారేంటి?" అని కేకేశాను.

"మరకలున్నాయిగా. ఇలా ఎలా పెడతాను?" అన్నారు మావారు.