పళ్లెం పాట

చేపల గంపతో పలాస బజారుకి బయలుదేరబోతూ ఫోను తెరిచిన భాగ్యశ్రీకి, తన ఫొటో మీద ఎవడో కత్తి ఆనించిన వీడియో కనబడింది.

మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి గొంతు మార్చి, "పాట తియ్యకపోతే నాలిక ఉండదు" అంటున్నాడు. కింద పేరు 'తీరం పులులు'. ఆ ముఠా అంటే ఊరంతా దడుపే. కుళాయి ఎందుకు రావడంలేదని అడిగిన పెద్దాయన్ని కూడా ఇలాగే ఫోన్లో భయపెట్టి నోరు మూయించారు.

ఆమె చేసిన నేరం ఒక్క పాట. పన్నెండేళ్ళుగా తెల్లారకముందే రేవులో చేపలు ఏరి, గంప బస్సెక్కించి, అమ్మి, తిరిగొచ్చి వండి వడ్డించి, ఆఖరికి మొగుడు తిన్న పళ్లెం తీస్తుంటే దానంతటదే నోట్లోకొచ్చిన పాట. 'పడవ లాగే చేతికి పళ్లెం బరువా మావా?' సరదాకి ఫోన్లో పెడితే, జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు ఇచ్ఛాపురం దాకా పాడుకున్నారు. ఆమె పనికి మొదటిసారి ఒక చప్పుడొచ్చింది. "ఆడదానికి పాటలేటే, పులుసులో ఉప్పు సూసుకో" అన్నాడు మొగుడు చిన్నారావు. "నా కొడుకు పరువు ఎంగిలి పళ్లెంలో ఎట్టీసినావు" అంది అత్త బుచ్చమ్మ. ఆ మాటలన్నీ పడింది. కానీ పాట తీసెయ్యడమంటే, వాడెవడో కొయ్యకముందే తన నాలుక తనే కోసుకోవడం కాదూ?

"టేసనుకెళ్తన్నాను మావా."

"ఎందుకొచ్చిన గొడవే! పాట తీసీ, సరిపోద్ది" అంటూ చిన్నారావు బస్సు దాకా, బస్సులోనూ, స్టేషను బెంచీ దాకా గొణుగుతూనే వచ్చాడు.

ఎస్సై శ్రీవిద్య ఆ ముఠా పేజీ అంతా చూసింది. "నిన్ను వెక్కిరిస్తూ వీళ్ళూ ఒక పాట పెట్టారమ్మా. మోటుగా ఉంది, కానీ వెక్కిరింపు మీద కేసు పెట్టలేను. ముఠా పేరు చెప్పి కత్తి చూపించారు చూడు, అది మాత్రం నేరం."

"ఆళ్ళ పాట ఉండనీండి మేడం. పాటకి పాట కడతాను. కత్తికేటి కట్టగలను?"

శ్రీవిద్య నవ్వి, బెదిరింపు వీడియోని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసింది. భాగ్యశ్రీ ముందుకు వంగింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"కత్తి చూసి నవ్వుతావేంటి?"

"కత్తి కాదు మేడం, దాని ఎనకాల సూడండి."

గచ్చు మీద ఎంగిలి పళ్లెం. కవళ్ళ చేపల ముళ్ళన్నీ అంచు చుట్టూ దడి కట్టినట్టు పేర్చి, నడుమ చెయ్యి కడిగి వదిలేసిన పళ్లెం. పన్నెండేళ్ళు, పూటపూటా తీసిన పళ్లెం. తువ్వాలు కట్టిన మొహాన్ని పోల్చలేకపోయింది గానీ, ఆ దడిని పోల్చలేకపోవడమా!

భాగ్యశ్రీ ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టి, కలం బెంచీ మీదున్న చిన్నారావు వైపు చాపింది.

"పేరు నువ్వు సెప్తావా మావా, నన్ను రాసీమంటావా?"

అతను లేచి నిలబడ్డాడు.

"నేనే మేడం. మా పడవోళ్ళం నలుగురం కలిసి పులులని పేరెట్టుకున్నాం. రేవులో అందరూ నన్ను 'పళ్లెం మావా' అని పిలుత్తన్నారు, తల ఎత్తుకోనేకపోయాను. ఇది నీళ్ళకెళ్ళినప్పుడు వీడియో తీసినాను. మొహం కట్టీసినాను, గొంతు మార్సీసినాను, కత్తి సముద్రంలో ఇసిరీసినాను. అన్నీ ఆలోసించినాను మేడం... పళ్లెం తియ్యాలని మాత్రం తోచనేదు."