రాత్రి బండి పూలమ్మ

కళ్లద్దాల అట్టపెట్టెకు గుడ్డ చుట్టి, పూలమ్మ చివరి మూల కుట్టేసింది. దారాన్ని పంటితో కొరికి, పొట్లాన్ని చెవి దగ్గర ఆడించింది. లోపల ఏమీ కదల్లేదు. తృప్తిగా సంచిలో వేసుకోబోతుంటే దుకాణం యజమాని వామన్‌రావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల వద్దు పూలమ్మా. గీడ్నే పెట్టు."

"ఏంది సేటూ? నువ్వే గదా జల్ది రమ్మన్నవు?"

వామన్‌రావు ఆబిడ్స్ రోడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. నాంపల్లిలో కొత్తగా తెరిచిన లారీ ఆఫీసు మేనేజరు తాతారావు పొద్దున దుకాణాలన్నీ తిరిగి వెళ్లాడట. చిన్నదైనా పెద్దదైనా సరుకంతా తమకే ఇవ్వాలట. పూలమ్మ చేతికి ఒక్క పొట్లం ఇచ్చినా ఆ దుకాణం సరుకు ఇక లారీ ఎక్కదట.

"లారీల ఏస్తే బెజవాడకు ఎప్పుడు చేరుతది?"

"లారీ నిండినంక పోతది."

"నిండేదాంక ఈ అద్దాలాయన గోడలు పట్టుకొని నడుస్తడా?"

వామన్‌రావు తల దించుకుని బల్ల తుడవసాగాడు.

పూలమ్మకు యాభై దాటాయి. పొట్టి మనిషి. సంచి పట్టీ ఒరుసుకుని కుడి భుజం మీద చర్మం నల్లగా మొద్దుబారింది. నాంపల్లి స్టేషన్లో కూలిగా చేసిన భర్త పోయాక కొన్నాళ్లు ఆ స్టేషన్ ముందే పూలు అమ్మింది. ఒకసారి బెజవాడలో ఉన్న చెల్లెలిని చూడ్డానికి బండెక్కుతుంటే, గడియారాల దుకాణం మనిషి రొప్పుతూ వచ్చి, ఒక పొట్లం ఆమె ఒళ్లో పడేసి, తెల్లారగానే ఫలానా చోట ఇమ్మని బతిమాలాడు. అదే మొదలు. మందుసీసాలు, గడియారం ముళ్లు, పెళ్లిపత్రికలు సాయంత్రం ఆమె సంచిలోకి చేరేవి. బెజవాడ దుకాణాలవాళ్లు పొద్దున తలుపులు తెరిచేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉండేది. అక్కడి సరుకుతో పగటి బండికి తిరుగు ప్రయాణం. పెద్ద వ్యాపారులకు మనుషులున్నారు. చిన్నవాళ్లకు పూలమ్మ ఉంది.

సుల్తాన్ బజార్‌లో జాకెట్లు కుట్టే నాగరత్నం కూడా ఆమెను చూడగానే తల అడ్డంగా ఊపింది. ఆ వీధి చివరికి వచ్చేసరికి సంచి ఖాళీగానే ఉంది. పూలమ్మ ఇంటికి పోలేదు. తిన్నగా లారీ ఆఫీసుకు నడిచింది.

తాతారావు కోస్తా నుంచి వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట.

"ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిరుగుడు? మా గోడౌను ఊడ్చిపెట్టు. నెల నెలా జీతం ఇప్పిస్తాను."

"నీ గోడౌన్ నువ్వే ఊడ్సుకో సారూ. ఒక్క పొట్లమున్నా నేను పోత. లేకుంటే ఖాళీ సంచితోనన్న పోత. రైలు నీ అయ్య జాగీరా?"

బస్తాలు దించుతున్న హమాలీలు ఆగి చూశారు. అప్పుడే గన్‌ఫౌండ్రీలో కట్టుడుపళ్లు తయారుచేసే జనార్దన్ చేతిలో పొట్లంతో ఆమెను వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. వేళ్లకు ఇంకా పళ్ల అచ్చులు పోసే తెల్లపిండి అంటుకుని ఉంది. బెజవాడలో హరికథలు చెప్పే గోపాలరావు దాసుగారి పళ్ల సెట్టు విరిగితే కొత్తది చేసి తెచ్చాడు. మర్నాడు సాయంత్రమే ఆయన కథ.

"అక్కా, నువ్వే తీస్కపోవాలె."

"చూసి ఇవ్వండి జనార్దన్‌గారూ," అన్నాడు తాతారావు. "మీ పిండి బస్తాలు మా లారీలోనే కదా వచ్చేది."

జనార్దన్ ఒక్క క్షణం పొట్లాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత అందరూ చూస్తుండగా పూలమ్మ చేతిలో పెట్టాడు.

"రాకుంటే మానె. ఎడ్లబండి మీద తెచ్చుకుంట. ఆయనకు పళ్లు రేపు గావాలె, ఎల్లుండి గాదు."

ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద పూలమ్మకు ఊపిరి అందలేదు. ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. స్తంభానికి ఆనుకుని, "జర ఆగు, బండెక్కనీ," అని తన ఒంటినే గదమాయించింది. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని, బెజవాడ దాకా ఆ పొట్లాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

పొద్దున్నే దాసుగారు, పళ్లు లేక లోపలికి పోయిన బుగ్గలతో, స్టేషన్ బయటే ఎదురుచూస్తున్నారు. కుళాయి దగ్గర పళ్లు కడిగి పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి, రిక్షావాళ్లంతా తిరిగి చూసేలా రోడ్డు మీదే ఒక రాగం ఎత్తుకున్నారు.

"సాయంత్రం మీరు ముందు వరసలో కూర్చోవాలి పూలమ్మగారూ!"

"నాకు బండున్నది అయ్యగారూ," అని ఆమె నవ్వింది. గారూ అని ఆమెను పిలిచినవాళ్లు చాలా తక్కువ.

బజారులో ఆమె ఒక కాకీ కాన్వాసు సంచి బేరమాడి కొనుక్కుంది.

"ఇంత పెద్దదెందుకమ్మా?" అన్నాడు దుకాణదారు.

"రేపటి సంది సరుకు ఎక్కువైతది."

తిరుగు బండి కాజీపేట దాటాక, ఎండ పడకుండా కొంగు ముఖం మీదికి లాక్కుని పూలమ్మ కిటికీకి తల ఆనించింది. నాంపల్లిలో అందరూ దిగారు. ఆమె దిగలేదు.

ఎరిగిన కూలీలు కబురు పెడితే జనార్దన్ పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఆమె ఒళ్లు చల్లబడింది. నలుగురూ కలిసి ఆమెను మెల్లగా కిందికి దించారు. పెట్టె ఖాళీ అయింది. పై బల్ల మీద కాకీ సంచి మడత విప్పకుండానే ఉంది. దుకాణంవాళ్లు ధర రాసి కట్టిన అట్టముక్క దాని పట్టీకి ఇంకా వేలాడుతోంది.