మగమొక్కకు నీళ్లు

మా అత్తగారు పోతూ పోతూ నాకు రెండు అప్పగించి వెళ్లారు. వెదురు గొట్టం నిండా గంజాయి గింజలు, ఆవిడ చాదస్తమంతా పుణికిపుచ్చుకున్న కొడుకు.

మా ఊరివైపు ఫూఫాన్ కొండల కింద ఈ మొక్క చాలా పెరళ్లలో ఉంటుంది. ఆవిడ మొక్క వాసనే వేరు. ఆకు నలిపితే పండిన మామిడి, వెనకే కాస్త నిమ్మగడ్డి. కోడిపులుసులో రెండు లేతాకులు వేస్తే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు. ఆవిడలో నాకు నచ్చింది అదొక్కటే. ముప్ఫై ఏళ్లు నా వంటకు వంకలు పెట్టారు, నేనూ ఊరుకోలేదు.

పోయినేడు గొట్టం తెరిచేసరికి గింజలన్నీ పురుగు తినేసింది. మంచివి ఐదే. మొలిచినవి మూడు: రెండు ఆడవి, ఒకటి మగది. పుప్పొడి పడితే ఆడమొక్క గింజ కట్టి వాసన పలచబడుతుందని ఏటా మగవాటిని మొగ్గలోనే పీకేస్తాం. ఈసారి గింజే కావాలి. లేకపోతే ఆ వాసన మా పెరట్లో ఇక ఉండదు.

"ఏమయ్యా, ఆ మగదాని జోలికెళ్లకు," అని మా ఆయన ఖంపూన్‌కి రోజూ చెప్పాను.

"నాకా చెప్తున్నావ్? అది మా అమ్మ మొక్కే!"

ఒక పొద్దున కలుపు తీస్తూ, మనసెక్కడో పెట్టుకుని, దాన్నీ పీకేశాడు. నలభై ఏళ్ల అలవాటు. నేను వెళ్లేసరికి ఖాళీ గుంట పక్కన కూలబడి ఉన్నాడు.

"అమ్మ ఇవాళ పోయినట్టుందే," అన్నాడు.

తిడదామని నోరు తెరిచాను. ఆ మొహం చూసి వంటింట్లోకి వెళ్లొచ్చాను. జిగురన్నం ముద్ద చేతిలో పెడితే అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

నీళ్లకని మెట్ల కిందికి వెళ్తే, కుండలో నిలబడి ఉంది మగమొక్క. అత్తగారి చాదస్తం! పీకిన మొక్కను నేల మీద పారేయకూడదట. మన్నించమని నీళ్లలో నిలబెట్టి, వాడిపోయాకే పారేయాలట. "చచ్చినదానికి నీళ్లెందుకు అత్తమ్మా?" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆయన చేతులు ఆ అలవాటునీ మరిచిపోలేదు.

మొగ్గలు బిగువుగానే ఉన్నాయి.

"ఏమయ్యా, ఇలా రా! గుడికి తీసుకెళ్లే తామరమొగ్గ కుండలో విచ్చుకోదూ? ఇదీ విచ్చుకుంటుందేమో!"

మూడు రోజులు గాలి తగలకుండా కాపలా కాశాం. నాలుగో రోజు పసుప్పచ్చని పొడి రాలింది. ఆడమొక్కల తెల్లని నూగు మీద ఆయన కొమ్మ దులిపాడు. పొడి పక్కకు పోకుండా నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

చలికాలానికి చారల గింజలు వచ్చాయి. మొదటిది నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

ఈ ఏడు మగమొక్కల్ని నేనే పీకాను. గింజలు బోలెడున్నాయి, పుప్పొడితో పనిలేదు. అయినా కుండలో నిలబెట్టాను.

"చచ్చినవాటికి నీళ్లెందుకే?" అని నవ్వాడు ఆయన.

"నువ్వు ఊరుకో. మీ అమ్మతో మాట్లాడుతున్నాను," అన్నాను. కుండ నిండా నీళ్లు పోసి, మెల్లగా చెప్పాను. "తప్పయింది అత్తమ్మా."