ఇల్లు నొక్కితే

"పొద్దుగూకులూ ఏం చేస్తాండావ్ మే?" అన్నాడు గిరి, నేను కంచంలో రెండో రొట్టె వేస్తుంటే. రొట్టె కొంచెం మాడిన రోజు వచ్చే మాట అది. జొన్నపిండి చేతులు కడుక్కుని, ఆఫీసువాళ్లిచ్చిన ఫోను కొంగుకు తుడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు మీటింగు. గర్భిణుల ఇళ్లకు తిరిగే పని నాకు ఉంటుందో ఊడుతుందో అక్కడే తేలుతుంది.

"యాడికి?" అన్నాడు.

"యాడికికే," అన్నాను. మా మండలం పేరే యాడికి. పెళ్లైన కొత్తలో ఈ మాటకు ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు అతను మంచినీళ్లు అడిగాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండిన శనక్కాయ చేలు వెనక్కి పోతుంటే, నా తప్పు ఎక్కడుందా అని ఫోను మళ్లీ తెరిచాను. ఒక్క ఇంటికీ పోలేదని పైనుంచి ఫిర్యాదు వచ్చిందట. పోయాను కదా. కాళ్ల వాపు ఉందా, మాత్రలు మింగుతున్నారా, కడుపులో బిడ్డ కదులుతోందా, అన్నీ అడిగి యాప్‌లో నింపాను కదా. మారెక్క ఇంటి ముందు నీడ ఉండదు. ఎండకు ఫోను తెర మెరిసి నా ముఖమే నాకు కనబడేది. నిండు కడుపుతో మారెక్కే లేచి వచ్చి తన కొంగు ఫోను మీద గొడుగులా పట్టేది. "నిదానంగా నొక్కు హేమక్కా, నేను పట్టుకుంటా," అనేది. నా పని అయ్యేదాకా ఒక మనిషి పక్కన నిలబడడం ఎలా ఉంటుందో నాకు ఆ వాకిట్లోనే తెలిసింది. ప్రశ్నలన్నీ అయ్యాక తెర అడుగున పచ్చగా ఒక బొమ్మ, దాని కింద "ఇల్లు" అనే మాట. ఈ ఇల్లు అయిపోయిందనే కదా అర్థం? నొక్కగానే కొత్త పేజీ వచ్చేది, పక్కింటికి సిద్ధంగా. ఇంత తేలికగా ముగిసే పని నా బతుకులో ఇదొక్కటే అనుకునేదాన్ని.

మీటింగులో గోడ మీద తెర వేసి చూపించారు. నా పేరు, దాని పక్కన సున్నా. మా పని చూసే పద్మప్రియ మేడమ్ కూడా గిరి అడిగినట్టే అడిగింది, కాస్త మర్యాదగా: "ఇన్నాళ్లూ ఏం చేసినావమ్మా?"

యాప్ చేసిన కంపెనీ తరఫున వచ్చిన సందీప్‌కు, నేను రోజూ చేసేది చేసి చూపించాను. ఇల్లు అంటే నేను పోయిన ఇల్లు కాదట, ఇంగ్లీషులో హోమ్ అట, మొదటి పేజీకి తిరిగిపోవడమట. సేవ్ చేయకుండా అది నొక్కితే రాసిందంతా పోతుందట. సేవ్ ఎక్కడుందని అడిగాను. తెరను పైకి జరిపి, తెల్లని పేజీ అడుగున లేత బూడిదరంగు అక్షరాలు చూపించాడు. గదిలో కనబడ్డాయి. బయటికి రమ్మన్నాను. మంచి పిల్లోడు, వచ్చాడు. ఎండలో కళ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టి, వేలితో తడుముతూ వెతికాడు. దొరకలేదు.

"మేము ఆఫీసులో కూర్చుని చూసుకున్నాం మేడమ్. ఎండలో ఎవరూ చూడలేదు."

నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే. యాప్‌లో ఇల్లు అన్న మాట మార్చమని రాసి పంపుతానన్నాడు. పోయినవి మాత్రం తిరిగి రావన్నాడు.

లోపల తిమ్మక్క, పక్క ఊళ్లో ఇదే పని చేసే ఆమె, తనూ మొదట్లో ఇల్లే నొక్కినానని, మొగుడు చూసి చెప్పేదాకా తెలియలేదని నా చెవిలో చెప్పింది. అదే గట్టిగా చెప్పమన్నాను. తల దించుకుంది. ఆమెకూ ఆ పని కావాలి. మేడమ్ నాకు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, పైవాళ్లకు కనబడేది ఆ సున్నా ఒక్కటేనని, వచ్చే నెల నుంచి వేరే ఆమె వస్తుందని మెల్లగా చెప్పింది. ఫోను బల్ల మీద పెట్టి వచ్చాను.

"పోతే పోయిందిలే. నీకు ఇల్లుండాది కదా," అంది అత్త. ఓదార్పుగానే అంది. గిన్నెలు తోముతూ ఆ మాటే నమిలాను. తోమిన గిన్నె మళ్లీ ఎంగిలి. ఊడ్చిన వాకిట్లో మళ్లీ దుమ్ము. పొద్దున్నుంచి చేసిందంతా పొద్దుగూకేసరికి ఎక్కడా కనబడదు. ఏం చేస్తాండావ్ అన్న మాట ఒక్కటే మిగులుతుంది. పెళ్లైన నాటి నుంచీ నేను నొక్కుతున్నది ఆ పచ్చ బొమ్మనే.

మరుసటి రోజు రొట్టెలు చేసి, చేతులు కడుక్కుని, సంచి లేకుండానే గడప దగ్గరికి నడిచాను. మారెక్క కాళ్లు పోయిన వారమే బాగా వాచి ఉన్నాయి. కొత్తామె వచ్చేదాకా వాటిని చూసేవాళ్లు లేరు. నేను చూసినా ఎక్కడా లెక్కలో పడదు.

"ఇంకా యాడికి?" అన్నాడు గిరి, కంచం మీది నుంచి తలెత్తకుండా.

"ఇంటికి."

"ఇంట్లోనే ఉండావు గదా మే," అన్నాడు.

అప్పటికే నేను ఎండలో ఉన్నాను.