గొంతు సవరించుకుని

"ఇంతకీ ఆ ఇంటర్వ్యూ వాళ్లు ఫోన్ చేశారా?" అన్నాడు భర్త, తడి తువ్వాలు మంచం మీద పడేసి.

ఆమె ఆ తువ్వాలు తీసి దండెం మీద ఆరేస్తూ, లేదంది.

"నేను ముందే చెప్పాను," అని అతను అద్దం ముందుకు వెళ్లి తల దువ్వుకున్నాడు. ఆ మాటలో కోపం లేదు. వాన పడుతుందన్నవాడికి నిజంగానే వాన పడితే కలిగే తృప్తి, అంతే. కోపమే అయితే ఆమె కూడా ఏదో ఒకటి అనేది.

పెళ్లికి ముందూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఆమె ఒక సరుకు రవాణా కంపెనీలో పనిచేసింది. ఏ లారీకి ఏ సరుకు ఎక్కించాలి, అది ఏ దారిన పోవాలి, ఎవరిది ముందు దించాలి అన్నవన్నీ ఆమే తేల్చేది. గడ్డాలు నెరిసిన డ్రైవర్లు కూడా ఆమె మాటకు ఎదురుచెప్పేవారు కాదు. చిన్నకూతురికి న్యుమోనియా వచ్చినప్పుడు "కొన్నాళ్లు మానెయ్, తర్వాత చూద్దాం," అన్నాడు భర్త. ఆ కొన్నాళ్లలో చిన్నది తల్లి భుజం దాటి ఎదిగింది. తర్వాత చూద్దామన్నదాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మళ్లీ ప్రయత్నిస్తానంటే సలహాలకు కొదవ లేదు. "మావారు ఒప్పుకున్నారని మొదట్లోనే చెప్పెయ్. అడిగినదానికల్లా సరేనను. పెద్ద పోస్టుల జోలికి పోకు, నవ్వుతారు," అని భర్త. "ఏదైనా బడిలో చూసుకోరాదా వదినా, సాయంత్రానికల్లా ఇంట్లో ఉండొచ్చు," అని మరిది. ఆమె బుద్ధిగా అలాగే చేసింది. వెళ్లిన ప్రతిచోటా కుర్చీ అంచున కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని అన్నిటికీ తలూపింది. ప్రతిచోటా కబురు చేస్తామన్నారు.

ఆ ఆదివారం పొడుగక్క వచ్చింది. పాత ఆఫీసులో ఆమె పక్క బల్ల. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చే మనిషి కాబట్టి అందరికీ పొడుగక్కే. ఇప్పుడు ఇంకో కంపెనీలో మనుషుల్ని తీసుకునే పని ఆమెదే.

"నేనెవరో నీకు తెలియదనుకో. అడుగుతాను, చెప్పు," అంటూ ఫోన్‌లో రికార్డింగ్ పెట్టింది. అయ్యాక దాన్నే వినిపించింది.

ఆమెకు మొదట నవ్వొచ్చింది. తర్వాత చెంపలు వేడెక్కాయి. ఆ గొంతు ప్రతి వాక్యం చివర ముడుచుకుపోతోంది. ఇన్నేళ్లూ ఏం చేశారంటే "ఇంట్లో ఖాళీగానే ఉన్నానండీ," అంటోంది. ఎవరు ఖాళీగా ఉన్నారు? అత్తగారి తుంటి ఎముక విరిగినప్పుడు రాత్రీ పగలూ ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టింది ఎవరు? పిల్లల లెక్కలు, భర్త చొక్కాలు, వచ్చేపోయే చుట్టాలు, ఇవన్నీ గాలికి జరిగిపోయాయా? తన నోటితో తనే ఆ మాట అనేసింది, ఎవరూ గొంతు మీద కత్తి పెట్టలేదు. పైగా ఆ గొంతు తనకు బాగా తెలుసు. పుట్టింటికి రెండు రోజులు వెళ్లొస్తానని భర్తను అడిగే గొంతు అది.

"నీ జవాబుల్లో మీవారున్నారు, పిల్లలున్నారు, మీ మరిది కూడా ఉన్నాడు. నువ్వే కనపడలేదు," అంది పొడుగక్క. "ఆ కుర్చీలో నిండుగా కూర్చో. చేసింది చేశానను. రానిది రాదను, ఎన్నాళ్లలో నేర్చుకుంటావో చెప్పు. దొరికినదానికల్లా పోకు, నీ పనికే వెళ్లు."

ఆ రోజు నుంచి ఆమె సాధన మొదలైంది. ఇప్పుడు లారీల దారులు కంప్యూటరే వేస్తోందట. పొడుగక్క దగ్గరకు వెళ్లి అది నేర్చుకుంది. పాత మేనేజరుకు ఫోన్ చేసి, తన గురించి ఎవరైనా అడిగితే చెప్పమంది. ఆయన మరిచిపోయి ఉంటాడనుకుంది. "నువ్వు వెళ్లాక ఆరు నెలలు తిట్టుకున్నానమ్మా," అన్నాడాయన. వంటింట్లో నిలబడి పైకే జవాబులు చెప్పుకుంటుంటే భర్త తొంగిచూసి, "ఉద్యోగం గిన్నెలిస్తాయా?" అని నవ్వాడు.

గిన్నెలకు బదులు అత్తగారు అడగడం మొదలుపెట్టింది. మంచం మీద దిండుకు ఆనుకుని, కళ్లజోడు పెట్టుకుని మరీ అడిగేది.

"పిల్లలకి ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తావమ్మాయ్?"

"నేను... సెలవు పెడతాను."

అత్తగారు కళ్లజోడు తీసింది. "నేనూ అదే అన్నాను. కుట్టుపని నేర్పే ఉద్యోగానికి నన్ను పిలిచిన రోజున. మళ్లీ పిలవలేదు. నువ్వింకోటి చెప్పు."

ఆమె చాలాసేపు ఆవిడ వంకే చూసింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మరో రవాణా కంపెనీలో తన పాత పనికే ఇంటర్వ్యూ. ఆ రోజు పొద్దున్నే భర్త, తన తమ్ముడి కుటుంబం భోజనానికి వస్తోందన్నాడు. "కూరలు ఫ్రిజ్‌లో ఉన్నాయి," అని చెప్పి ఆమె చెప్పులేసుకుంది.

బల్లకు అటువైపు ముగ్గురు. ఆమె వీపు కుర్చీకి ఆనేలా కూర్చుంది. సంచీ కింద పెట్టింది. ఏదో కొత్త పద్ధతి గురించి అడిగితే, "అది రాదండీ. రెండు వారాల్లో పట్టుకుంటాను," అంది. ఎవరూ నవ్వలేదు. చివర్లో మధ్యనున్న పెద్దమనిషి పెన్ను మూస్తూ అడిగాడు.

"పిల్లలకి జ్వరమొస్తేనో?"

ఆమె గొంతు సవరించుకుంది.

"వాళ్ల నాన్న ఉన్నారండీ."

పక్కనున్న యువతి తల దించుకుని నవ్వు ఆపుకుంది. పెద్దమనిషి గడ్డం గోక్కుని, "సహాయకురాలి పోస్టు ఇంకోటుంది, ముందు అందులో చేరతారా?" అన్నాడు.

మునుపటి ఆమె అయితే దండం పెట్టేది. "నేను ఈ పనికే వచ్చాను. కావాలంటే ఇప్పుడే చేయించి చూడండి," అంది. చేయించి చూశారు. లారీలూ ఊళ్లూ తెరమీద కదులుతుంటే, ఎప్పటి వేళ్లో తిరిగొచ్చినట్టు ఆమె వేళ్లు పరుగెత్తాయి.

ఫోన్ మర్నాడే వచ్చింది. అడిగిన పోస్టే. అత్తగారు మంచం మీదనుంచే చేతులు చాచింది. పిల్లలు గెంతారు. భర్త నెమ్మదిగా, "మంచిదే. మరి పొద్దున్నే నా క్యారేజీ?" అన్నాడు.

ఆమె అతని భుజం తట్టింది.

"కొత్త పనని కంగారు పడకండి. మొదటి వారం నేను పక్కనుండి చూపిస్తాను. ఆ తర్వాత అంతా మీదే."